తొమ్మిది వందల మర్రులు, పది ప్రశ్నలు

పోలీసు అకాడమీ కూడలి దగ్గర హైదరాబాద్‌ను వదిలి బీజాపూర్ రోడ్డున పడమరకు సాగితే మొదట మొయినాబాద్ వస్తుంది, తర్వాత చేవెళ్ల, ఆపైన మన్నెగూడ. మొత్తం 46 కిలోమీటర్లు. దారి పొడవునా అటూ ఇటూ సుమారు 900 మర్రి చెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వీటిని ఏం చేయాలన్న వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లడంతో చేవెళ్ల మర్రుల సంగతి రాష్ట్రమంతా తెలిసింది. వాటిలో ఒక్కటి కూడా పోకూడదని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు మాత్రం వాటితో ఒక ఆట ఆడదాం.

ఆ 900 చెట్లలో మీకు నచ్చిన ఒకదాన్ని మనసులో తలచుకోండి. నేను ప్రశ్నలు అడుగుతాను. మీరు అవును, కాదు అన్న రెండు జవాబులు తప్ప మరో మాట చెప్పకూడదు. ఎన్ని ప్రశ్నల్లో మీ చెట్టును పట్టుకోగలను? వంద కావాలని ఒకరంటారు, రెండు వందలని ఇంకొకరంటారు. పది చాలు.

అకాడమీ వైపు నుంచి చెట్లకు వరసగా 1 నుంచి 900 దాకా నంబర్లు వేసుకుందాం. మొదటి ప్రశ్న: "నంబరు 450 దాటిందా?" మీరు ఏం చెప్పినా సరే, సగం చెట్లు ఆటలోంచి తప్పుకుంటాయి. మిగిలిన 450ని మళ్లీ సగం చేస్తే 225. అక్కడి నుంచి 113, 57, 29, 15, 8, 4, 2, చివరికి 1. సరిగ్గా పది అడుగులు. "చేవెళ్ల దాటాక ఉందా?" అని కూడా అడగొచ్చు. కానీ ఆ ఊరు చెట్లను సమానంగా పంచుతుందన్న నమ్మకం లేదు కాబట్టి నంబరు అడగడమే మేలు.

ఈ లెక్కలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఒకటుంది. చెట్లు రెట్టింపై 1,800 అయితే ప్రశ్నలు రెట్టింపు కావు. ఒక్కటంటే ఒక్కటి పెరుగుతుంది. తెలంగాణలోని 33 జిల్లాల్లో ఒకదాన్ని తలచుకుంటే ఆరు ప్రశ్నలు సరిపోతాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111వ నంబరు జీవో పరిధిలోకి చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల పల్లెలు సహా 84 గ్రామాలు వచ్చాయి. వాటిలో ఒక ఊరిని పట్టుకోవడానికి ఏడు ప్రశ్నలు. ఇరవై ప్రశ్నలు అడగనిస్తే 10,48,576 వస్తువుల్లో ఒకదాన్ని పట్టేయొచ్చు. 1946లో అమెరికా రేడియోలో మొదలై పేరు తెచ్చుకున్న ‘ట్వంటీ క్వశ్చన్స్’ కార్యక్రమం ఆ ఇరవై ప్రశ్నల దగ్గరే ఆగింది.

ఇంతకీ మంచి ప్రశ్న అంటే ఏమిటి? "మొయినాబాద్ బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఆ పెద్ద చెట్టేనా?" అని అడిగితే అదృష్టం బాగుంటే ఆట ఒక్క దెబ్బకు ముగుస్తుంది. కానీ 900 సార్లలో 899 సార్లు వచ్చేది ‘కాదు’. ఆ ‘కాదు’ మనకు ముందే తెలుసు. ముందే తెలిసిన జవాబు కొత్తగా ఏమీ చెప్పదు. ఈ సంగతిని లెక్కగా రాసినవాడు క్లాడ్ షానన్. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ 1948లో ఆయన ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, ఒక జవాబులో ఎంత సమాచారం ఉందనేది అది మనల్ని ఎంత ఆశ్చర్యపరచగలదన్న దాన్ని బట్టి ఉంటుంది. అవునుకూ కాదుకూ సమాన అవకాశం ఉన్న ప్రశ్నకు జవాబు దొరికితే మనకు వచ్చేది ఒక ‘బిట్’. అంతకు మించి అవును–కాదు ప్రశ్నలోంచి సగటున పిండుకోలేం. బస్టాండు దగ్గరి చెట్టు ప్రశ్నను షానన్ సూత్రంలో పెట్టి చూస్తే దాని విలువ ఒక బిట్టులో ఎనభయ్యో వంతు. అలాంటివి ఎనభై అడిగితే ఒక మంచి ప్రశ్న పెట్టు.

దీన్నిబట్టి ఆటలో ‘కాదు’ అన్న మాట వినగానే డీలాపడనక్కర్లేదు. సగానికి సగం కోసే ప్రశ్న వేసినప్పుడు ‘కాదు’ ఇచ్చే సమాచారం ‘అవును’ ఇచ్చేదానికి వెంట్రుకవాసి కూడా తగ్గదు.

చెట్లంటే వరసలో నిలబడ్డాయి, నంబర్లు వేశాం, తేలికైపోయింది. జనరల్ నాలెడ్జ్ అలా వరసలో నిలబడదు. దాన్ని వరసలో పెట్టడమే ఈ ఆటలోని అసలు నేర్పు. మెహదీపట్నంలో బస్సెక్కి చేవెళ్ల పోతున్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తాత ఒక పేరు తలచుకున్నాడు, ఈ దారి చుట్టుపక్కలదే. కూతురు, మనవరాలు, మనవడు కనుక్కోవాలి. వాళ్లకు తట్టినవి ఎనిమిది: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మూసీ, ఈసీ, చిలుకూరు బాలాజీ గుడి, మృగవని జాతీయ వనం, రోడ్డు పక్క మర్రులు, రంగారెడ్డి జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి.

మనవడికి ఆత్రం. "బాలాజీ గుడేనా?" అనబోతాడు. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108 ప్రదక్షిణలు చేసే ఆ గుడి వాడికి బాగా తెలుసు మరి. మనవరాలు వాణ్ని ఆపి అడుగుతుంది.

"తాతా, నీళ్లకు సంబంధించిందేనా?"

"అవును బిడ్డా."

ఎనిమిదిలో నాలుగు పోయాయి. మిగిలినవి రెండు ఏర్లు, రెండు చెరువులు.

"మనుషులు కట్టిందేనా?"

"అవును."

ఇక రెండే. ఇక్కడ తల్లి అందుకుంటుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఈ రెండు జలాశయాలూ వచ్చాయని ఆమెకు తెలుసు. మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో.

"నాయినా, 1925 కన్నా ముందే కట్టుడు అయిపోయిందా?"

"కాలే."

హిమాయత్‌సాగర్. మూడు ప్రశ్నలు, ఎనిమిది పేర్లు. రెండును మూడుసార్లు హెచ్చిస్తే ఎనిమిది కాబట్టి, ఇంతకన్నా తక్కువలో ఖాయంగా తేల్చే దారి లేదు. మొదటి జవాబు ‘కాదు’ అయి ఉంటే? "చెట్టుచేమలదా?" అని అడిగితే మృగవని, మర్రులు ఒకవైపు, గుడి, రంగారెడ్డి మరోవైపు. అక్కడా సమాన పంపకమే. చివరి ప్రశ్నకు వేరే దారి కూడా ఉంది: "నిజాం కొడుకు పేరు మీద ఉన్నదా?" ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు ఒకదానికి, ఆయన పెద్ద కొడుకు హిమాయత్ అలీఖాన్ పేరు ఇంకోదానికి. కట్టిన సంవత్సరం గుర్తున్నవాళ్లు దానితో తేలుస్తారు, పేర్ల వెనక కథ తెలిసినవాళ్లు పేరుతో తేలుస్తారు.

కలిసి ఆడటంలోని బలం ఇక్కడ కనిపిస్తుంది. మామూలు క్విజ్‌లో జవాబు తెలిసినవాడే రాజు. 1972 నుంచి హైదరాబాద్‌లో క్విజ్ రుచి పెంచిన కె-సర్కిల్ లాంటి సంఘాల్లో ఆరితేరినవాళ్ల ముందు కొత్తవాళ్లు నోరు మెదపడానికే జంకుతారు. అవును–కాదు ఆటలో జవాబు తెలియని మనిషి కూడా సగం పని చేయగలడు. పై ఆటలో మనవరాలికి ఏ జలాశయం ఏ సంవత్సరానిదో తెలియదు. ఉన్నవాటిని రెండు కుప్పలుగా పంచడం తెలుసు. ఆ పంపకమే తల్లికి తెలిసిన ఒక తేదీని పనికొచ్చేలా చేసింది.

పంచడం పుట్టుకతో రాదు. మోషర్, హార్న్స్‌బీ అనే పరిశోధకులు పిల్లల ముందు 42 బొమ్మలు పెట్టి, తాము అనుకున్న బొమ్మేదో అవును–కాదు ప్రశ్నలతో కనుక్కోమన్నారు. 1966లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఆరేళ్ల పిల్లలు ఎక్కువగా ఒక్కో బొమ్మనూ చూపిస్తూ ఇదా, అదా అని అడిగారు. పదకొండేళ్ల పిల్లలు చాలావరకు "ఆట వస్తువా?", "ఎర్రగా ఉంటుందా?" అన్న తరహాలో గుంపులను విడదీశారు. బస్సులో మనవడూ మనవరాలూ చేసింది అదే. చిన్నవాడిని తప్పుపట్టాల్సిన పని లేదు. వాడి వయసుకు ఒక్కో బొమ్మే ఒక్కో ఊహ. అక్క పక్కన కూర్చుని నాలుగు ఆటలు చూస్తే వాడికీ దారి తెలుస్తుంది.

ఎంతమంది కలిస్తే బాగుంటుందన్న ప్రశ్నకు ఇంకా పాత ప్రయోగం ఒకటి ఉంది. డొనాల్డ్ టేలర్, విలియం ఫౌస్ట్ 1952లో ఇదే ఇరవై ప్రశ్నల ఆటను ఒంటరిగా ఒకరితో, ఇద్దరితో, నలుగురితో ఆడించి చూశారు. ఒంటరివాళ్లకన్నా జట్లు తక్కువ ప్రశ్నల్లో, తక్కువ సమయంలో జవాబు చేరాయి. అయితే ఇద్దరికన్నా నలుగురు మెరుగైంది ఒక్క విషయంలోనే: జవాబు చేరకుండా ఓడిపోవడం వాళ్లలో తక్కువ. ప్రశ్నల సంఖ్యలోనూ సమయంలోనూ నలుగురి జట్టు ఇద్దరిని మించలేదు. మనిషికి ఎన్ని నిమిషాలు పట్టాయని మొత్తం కూడి చూస్తే ఒంటరివాళ్లదే పొదుపు. చేవెళ్లలోనో మొయినాబాద్‌లోనో ఒక బడిలో ఈ ఆట ఆడించే టీచరుకు ఈ ఫలితం అక్షరాలా పనికొస్తుంది. తరగతిని పదేసిమంది జట్లుగా చేస్తే ఒకరిద్దరు అడుగుతుంటే మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు. ఇద్దరిద్దరిని చేస్తే అందరికీ పని ఉంటుంది.

సగం సగం చేయడమే ఎప్పుడూ సరైన దారి అనుకుంటే మాత్రం ఇబ్బంది. పైన అన్ని చెట్లకూ సమాన అవకాశం ఉందనుకున్నాం. నిజ జీవితంలో అలా ఉండదు. ఈ రోడ్డు మీద కళ్లు మూసుకుని ఒక చెట్టును తాకి, అదేం చెట్టో కనుక్కోమన్నారనుకోండి. ఉదాహరణకు నూటికి 70 మర్రి, 15 వేప, 10 చింత, 5 రావి అని పెట్టుకుందాం. నాలుగు రకాలను రెండు, రెండుగా విడగొడితే ప్రతిసారీ రెండు ప్రశ్నలు పడతాయి. అలా కాకుండా మొదటే "మర్రేనా?" అని అడిగితే నూటికి 70 సార్లు ఒక్క ప్రశ్నతో అయిపోతుంది. కాకపోతే "వేపా?", అదీ కాకపోతే "చింతా?" సగటు 1.45 ప్రశ్నలకు దిగుతుంది. ఇలా ఎక్కువసార్లు వచ్చేదానికి తక్కువ ప్రశ్నలు కేటాయించే శ్రేష్ఠమైన పద్ధతిని 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రచురించాడు. విద్యార్థిగా ఉండగా రాబర్ట్ ఫానో అనే గురువు దగ్గర ఆయన ఈ సమస్య ఎత్తుకున్నాడు. పైనుంచి సగం సగం కోసుకుంటూ రావడం గురువుగారి దారి. అన్నిటికన్నా అరుదైన రెండింటిని ముందు జతచేసి కిందినుంచి పైకి కట్టుకుంటూ రావడం శిష్యుడి దారి. శిష్యుడిదే గెలిచింది. మన ఫోన్లలోని ఫొటోలు తక్కువ చోటులో ఇమడటానికి నేటికీ ఆ పద్ధతి పనికొస్తోంది.

చెట్లను గుర్తుపట్టే వృక్షశాస్త్రం నిండా ఈ ఆటే. ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ 1778లో ఫ్రాన్స్ మొక్కల మీద రాసిన పుస్తకంలో, చదువరి రెండేసి లక్షణాల్లో ఒకదాన్ని ఎంచుకుంటూ మొక్క పేరు చేరే పద్ధతి పెట్టాడు. మర్రి కుటుంబాన్ని అలా విడదీసి చూడండి. గిల్లితే పాలు కారతాయా? నాలుగింటికీ కారతాయి, మర్రికీ రావికీ జువ్వికీ మేడికీ. కాబట్టి వీటి మధ్య తేల్చడానికి ఆ ప్రశ్న దండగ. ఆకు కొస తోకలా సాగి ఉందా? అవునంటే రావి. కాయలు మొద్దుకే గుత్తులుగా కాశాయా? మేడి. కొమ్మల నుంచి ఊడలు దిగి నేలలో పాతుకుని స్తంభాలయ్యాయా? మర్రి. ఇంకా మిగిలితే జువ్వి.

ప్రశ్న పొదుపు ప్రాణం కాపాడే పనిలోనూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు అమెరికా సైన్యంలో చేరేవాళ్ల సిఫిలిస్ పరీక్షల గురించి ఒక ఉపాయం ప్రతిపాదించాడు. ఒక్కొక్కరి రక్తాన్ని విడిగా పరీక్షించే బదులు కొందరి నమూనాలను కలిపి పరీక్షించాలి. జబ్బు లేదని వస్తే అందరూ ఒకేసారి బయటపడినట్టు. ఉందని వస్తేనే విడివిడిగా చూడాలి. 2020 ఏప్రిల్‌లో కరోనా కిట్లు చాలని రోజుల్లో భారత వైద్య పరిశోధన మండలి ఇదే పద్ధతికి అనుమతిచ్చింది. గరిష్ఠంగా ఐదు నమూనాలు కలపాలని, వ్యాప్తి తక్కువగా, అంటే 2 శాతం లోపు ఉన్నచోట చేయాలని సూచించింది. ఆ హద్దు ఎందుకో మన ఆట తెలిసినవాళ్లు లెక్కగట్టొచ్చు. నూటికి ఇద్దరికి ఉన్నచోట వందమందిని ఐదేసి చొప్పున కలిపితే సగటున 30 పరీక్షలు సరిపోతాయి. నూటికి ఇరవైమందికి ఉంటే 87 దాకా పడతాయి. కలిపినా జవాబు చాలాసార్లు ‘ఉంది’ అనే వస్తుంది కాబట్టి పొదుపు కరిగిపోతుంది.

ఇప్పటిదాకా జవాబు చెప్పేవాళ్లు తప్పు చెప్పరని నమ్మాం. చెబితే? అబద్ధమే ఆడనక్కర్లేదు. "దానికి పూలు పూస్తాయా?" అని మర్రిని తలచుకున్న మనిషిని అడగండి. మర్రికి పువ్వెక్కడిది అనుకుని ‘కాదు’ అంటాడు. నిజానికి మర్రికి పూలున్నాయి. మనం పండు అనుకునే ఆ ఎర్రటి గుండ్రని బుడిపె లోపల వందల చిన్నచిన్న పూలు దాగి ఉంటాయి. నువ్వుగింజంత కూడా లేని ఒక కందిరీగ సన్నని కంత గుండా లోపల దూరి వాటికి పరాగం చేరుస్తుంది. మర్రికి దాని సొంత కందిరీగ జాతి ఉంది. అది లేకపోతే మర్రి విత్తనమే కట్టదు. నిజాయితీగా చెప్పిన ఆ ఒక్క తప్పు జవాబుతో మన వెతుకులాట వేరే కుప్పలో పడి అక్కడే తిరుగుతుంది.

స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్త 1976లో వచ్చిన తన ఆత్మకథలో ఈ చిక్కే అడిగాడు: పది లక్షల్లోపు సంఖ్య తలచుకున్న మనిషి ఒక్కసారి తప్పు చెప్పే వీలుంటే ఎన్ని ప్రశ్నలు కావాలి? తప్పు లేకపోతే 20. ప్రతి ప్రశ్ననూ రెండేసిసార్లు అడిగి, జవాబులు తేడా వచ్చినచోట మూడోసారి అడిగితే 41. ఆంద్రెయ్ పెల్క్ 1987లో నిరూపించిన జవాబు 25. అంతకు తగ్గకపోవడానికి కారణం కాగితం మీద వేసి చూడొచ్చు. 24 ప్రశ్నలకు వచ్చే జవాబుల వరసలు 1,67,77,216. ఒక్కో సంఖ్యకు తప్పు లేని వరస ఒకటి, తప్పు ఏదో ఒకచోట పడ్డ వరసలు 24, మొత్తం 25 కావాలి. భాగిస్తే 6,71,088 సంఖ్యలకే చాలుతుంది. 25 ప్రశ్నలైతే 12,90,555కు చాలుతుంది.

మన 900 మర్రులకు ఇదే లెక్క వేస్తే పది ప్రశ్నలకు మరో నాలుగు కలపాలి. ఇది పద్నాలుగు మంది పిల్లలతో అందంగా ఆడొచ్చు. ముందు పది కార్డులు తయారుచేయండి. వాటి పేర్లు 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256, 512. ప్రతి చెట్టు నంబరునూ వీటి కూడికగా ఒకే ఒక్క రకంగా రాయొచ్చు, ఆ కూడికలో వచ్చే కార్డులన్నిటి మీదా ఆ నంబరు రాయాలి. 613 అంటే 512, 64, 32, 4, 1. తలచుకున్న నంబరు ఏయే కార్డుల మీద ఉందో అడిగి, ఉన్న కార్డుల పేర్లు కూడితే చెట్టు దొరుకుతుంది. పిల్లల పుస్తకాల్లో ఆరు కార్డులతో 63 దాకా కనిపెట్టే మాయ ఇదే.

పద్నాలుగు మందిని వరసగా నిలబెట్టండి. 1, 2, 4, 8 స్థానాల్లోని నలుగురు కాపలాదారులు. మిగతా పది స్థానాల్లో కార్డులు చిన్నదానినుంచి పెద్దదాని వరకు. కాపలాదారుల పని మన పిల్లలు చింతగింజలతో ఆడే సరి–బేసి ఆటే: "నా కాపలాలోని కార్డుల్లో నీ నంబరున్నవి సరా, బేసా?" ఎవరు ఎవరికి కాపలా? స్థానం నంబరును 1, 2, 4, 8లుగా విడదీస్తే తెలుస్తుంది. పదకొండో స్థానం అంటే 8, 2, 1 కాబట్టి ఆ కార్డును వాళ్లు ముగ్గురూ చూసుకుంటారు. షానన్ పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లోనే ఉన్న రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన ఏర్పాటిది.

613ను తలచుకున్న పిల్ల పొరపాటున పదకొండో స్థానంలోని 64 కార్డు మీద తన నంబరు లేదని చెప్పిందనుకుందాం. కూడితే 549 వస్తుంది, అందరూ వేరే మర్రి దగ్గరికి పోతారు. కానీ ఒకటో కాపలాదారుకు ‘సరి’ అని చెప్పింది, చూస్తే ఒకే కార్డు. రెండో స్థానం వాడికి ‘బేసి’ అని చెప్పింది, చూస్తే నాలుగు. నాలుగో స్థానం వాడికి లెక్క కుదిరింది. ఎనిమిదో స్థానం వాడికి ‘బేసి’ అంది, చూస్తే రెండు. లెక్క తప్పిన ముగ్గురి స్థానాలు కూడండి: 1, 2, 8 కలిస్తే 11. తప్పు పదకొండో చోట ఉందని తేలింది. ఆ జవాబును తిప్పేస్తే 64 చేరి 613 వస్తుంది. ఒకే ఒక్క కాపలాదారుకు లెక్క తప్పితే పొరపాటు అతనికి చెప్పిన జవాబులోనే ఉంది, కార్డులన్నీ సరైనవే.

ఒకటికి మించి తప్పులు జరిగితే ఈ నలుగురూ తప్పుదారి పట్టిస్తారు. అందుకు పదిహేనో పిల్లనో పిల్లవాడినో నిలబెట్టి, పద్నాలుగు మందికీ సరైన జవాబులు పడితే అందులో ‘ఉంది’, ‘బేసి’ అన్నవి మొత్తం సరా బేసా అని అడిగించాలి. రెండు తప్పులు పడితే పడ్డాయని అప్పుడు తెలుస్తుంది, ఎక్కడ పడ్డాయో మాత్రం తెలియదు. ఆట మళ్లీ ఒకటో కార్డు నుంచి.